పెట్రోమాక్స్ వెలుగంత లోకం

ఆ రొద వింటున్నావా నాయనా? పక్క గదిలో మా మనవడి ల్యాప్‌టాప్ ఫ్యాను. నడి మధ్యాహ్నం, మే నెల ఎండలో, కింద గాలి ఆడే సందైనా లేకుండా దాన్ని పరుపు మీద పెట్టుకుని వాడు ఒక లోకాన్నే నడుపుతున్నాడు. మైన్‌క్రాఫ్ట్. అందులో మా కార్వేటినగరం కట్టాడు. వేణుగోపాలస్వామి గుడి, వీధి, స్కంద పుష్కరిణి, దాని మెట్లు, అన్నీ ఇటుక ఇటుకగా పేర్చాడు. అంతటితో ఊరుకున్నాడా? కోనేటి నీళ్లు మెరవాలి, మెట్ల మీద నీడ పడాలి అని షేడర్ ఒకటి తెచ్చి ఎక్కించాడు. అది మొదలు అడుగు వేస్తే బొమ్మ ఆగిపోతుంది, తల తిప్పితే ఊరు ఊరంతా నిలబడిపోతుంది. "తాతా, హ్యాంగ్ అవతా ఉండాది. కొత్తది కొనీమని నాయనకు చెప్పు తాతా" అని పొద్దున్నించి ఒకటే నస.

మీ తరానికి అన్నిటికీ కొత్తది కొనడమే మందు. మా రోజుల్లో పెట్టె మూత తీసి లోపలికి చూసేవాళ్లం. పుత్తూరులో నాకు నెట్ సెంటర్ ఉండేది, అయిదు కంప్యూటర్లు. వైస్ సిటీ అనే ఆట కంప్యూటర్లలోకి వచ్చింది 2003లో. 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు, 128 ఎంబీ ర్యామ్ ఉంటే చాలనేవాళ్లు. చాలని వాళ్లంటారు, మన బోర్డు మీద కార్డే లేకపోతే ఎట్లా? రైలెక్కి మద్రాసు పోయి, రిచీ స్ట్రీట్ అంతా ఎండలో తిరిగి, పది కొట్లలో బేరమాడి ఒక జీఫోర్స్ కార్డు కొన్నాను. వెండి రంగు సంచీలో చుట్టి ఇచ్చారు. దాన్ని వచ్చేదారి పొడవునా ఒళ్లోనే పెట్టుకున్నాను, చంటిబిడ్డను పట్టుకున్నట్టు. ఇంటికొచ్చి మూత విప్పి, గోధుమ రంగు ఏజీపీ స్లాటులో దుమ్ము ఊది, కార్డు బంగారు పళ్లను పిల్లలు బడిలో వాడే రబ్బరుతో రుద్ది, రెండు బొటనవేళ్లతో నొక్కితే టక్కున కూర్చుంది. ఆ టక్కుమనే శబ్దం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ కార్డుకు సొంత మెమరీ 64 ఎంబీ. ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టేది కాదు.

మరి మనవడి దాంట్లో? గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉంది. దానికంటూ చెంచాడు మెమరీ లేదు, ర్యామ్‌లోంచే తీసుకోవాలి. అదే ర్యామ్ ప్రాసెసర్‌కూ కావాలి. ఒక్క బొక్కెనతో రెండిళ్లు నీళ్లు తోడుకుంటే ఎంతసేపు పడుతుంది? ఇంకో ర్యామ్ పక్కన వేస్తే దారి వెడల్పయి వేగం పెరుగుతుంది, అది నాకు తెలుసు. వేద్దామని స్క్రూలన్నీ విప్పి చూస్తే స్లాటే లేదు, ర్యామ్ బోర్డుకు అంటించేసి ఉంది. అమ్మినవాడు ఆ మాట చెప్పనే లేదు. పల్చగా ఉండాలట, తేలిగ్గా ఉండాలట. మనిషి చెయ్యి పెట్టడానికి చోటు లేని వస్తువు వస్తువెట్లా అవుతుంది నాయనా?

నిజం దాచకూడదు. మా సెంటర్లోనూ కార్డు వేసింది ఒక్క కంప్యూటర్‌కే. తక్కిన నాలుగూ ఇట్లాంటివే, బోర్డు మీద గ్రాఫిక్స్. వాటిలో బొమ్మ 640కి 480 పెట్టి ఆడించేవాణ్ని. పిల్లలు అవీ ఆడారు, గంటకు అదే డబ్బులిచ్చారు. సెకండ్ లైఫ్ అనే నెట్ లోకం చూడాలని ఒక ఇంజనీరింగ్ అబ్బాయి వస్తే అరగంట దాకా బూడిదరంగు గోడలే కనిపించాయి పాపం. 2011 సెప్టెంబరులో సరిహద్దు అవతల తిరువళ్లూరు జిల్లాలోనే జయలలిత ఉచిత ల్యాప్‌టాప్‌లు మొదలుపెట్టింది కదా, ఆ తర్వాత పళ్లిపట్టు వైపు పిల్లలు అవి చంకలో పెట్టుకొచ్చి "అన్నా, వైస్ సిటీ ఎక్కించి ఇయ్యి" అనేవాళ్లు. వాటిలోనూ విడి కార్డు లేదు. అయినా ఆడుకున్నారు. ఎందుకంటే వాళ్లు ఉన్నదాంట్లో సర్దుకున్నారు.

అంతకు ముందు మాకు ఏ పెట్టే లేదు. భారతం ఉండేది. మా చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, కొన్ని ఊళ్లలో పద్దెనిమిది రోజులు. అద్దాల కిరీటం, చెక్క భుజకీర్తులు పెట్టుకుని అర్జునుడు తపసుమాను ఎక్కితే ఊరంతా తల వెనక్కి వాల్చి చూసేది. చివరి రోజు పొలంలో మట్టితో దుర్యోధనుణ్ని పోసేవాళ్లు, ఇంటి పొడుగు మనిషి, వెల్లకిలా పడుకుని. ఆ మట్టి తొడ చుట్టూ భీముడు గద పట్టుకుని తిరుగుతుంటే నేను మా అవ్వ కొంగులో దూరిపోయాను. రాత్రి నాటకానికి వెలుతురు రెండు పెట్రోమాక్స్ లైట్లే. వెలుగు పడినంత మేరా హస్తినాపురం. అవతల చీకటి. ఆ చీకట్లో పదకొండు అక్షౌహిణుల సైన్యం నిలబడి ఉందని ఎవరూ మాకు గీసి చూపలేదు. మాకు కనిపించింది.

ఇదంతా వాడితో చెప్తే "తాతా, మళ్లా మొదులుపెట్టినావు" అన్నాడు. సరేలేరా అని ల్యాప్‌టాప్ లాక్కున్నాను. పరుపు మీంచి తీసి, బల్ల మీద రెండు పుస్తకాల ఎత్తున పెట్టాను. ఫ్యాను సందులో దుమ్మును పాత పెయింటు బ్రష్షుతో దులిపాను. ఛార్జరు తగిలించాను. తర్వాత సెట్టింగుల్లోకి పోయి చూస్తే చూపు దూరం 32 చంకులు పెట్టుకున్నాడు! చంకు అంటే పదహారు ఇటుకలు, ఏ పక్కకు చూసినా అయిదొందల పైచిలుకు ఇటుకల దూరం. అంత మేరా గీసి, మళ్లీ నీడ కోసమని సూర్యుడు నిలబడ్డ చోటునుంచి ఊరంతా ఇంకోసారి గీయాలి ఆ బక్కప్రాణం. ఎనిమిదికి దించాను. దూరం నాలుగో వంతయితే గీయాల్సిన నేల పదహారో వంతవుతుంది, లెక్క చూసుకో. షేడర్ తీసేయమంటే వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నీడలు తీసి నీళ్ల మెరుపు ఉంచాను. తెప్పోత్సవం రోజు ఆ కోనేట్లో దీపాలు ఎట్లా మెరుస్తాయో నేనూ చూసినవాణ్నే కదా.

రొద తగ్గింది. బొమ్మ నడిచింది. వాడు కోనేటి ఆ గట్టు మీద నిలబడి ఇటు తిరిగాడు. మెట్లున్నాయి, నీళ్లున్నాయి, వాటి అవతల తెల్లటి మంచు.

"తాతా, గోపురం కనపడలేదే?"

"నడువు" అన్నాను.

నడిచాడు. మంచులోంచి మొదట వీధి వచ్చింది.