సాఫ్ట్‌వేరు స్వయంవరము

వానాకాలమున ఆదివారము తెల్లవారకమున్నే, వికారాబాదు నుండి అనంతగిరి కెక్కు ఘాటు రోడ్డు మలుపులలో, మెడకొక కెమెరాయు భుజమున కొక సంచియు తగిలించుకొని, మంచు విడునా విడదా యని నిలుచున్న ఔత్సాహిక ఛాయాగ్రాహక మహాశయులను లెక్కించుట కష్టము. వారిలో నిరుడు తాము తీసిన బొమ్మలు నేడెచ్చట నున్నవో తడుముకొనక చెప్పగలవారిని లెక్కించుట మిక్కిలి సులభము. మూసీ పుట్టిన కొండ యెదుట నున్నది, అనంతపద్మనాభస్వామి గుడి ప్రక్కనే యున్నది, మబ్బు చేతికందునంత దిగువకు వచ్చినది. అయినను ఆ గోష్ఠిలో వినవచ్చునది యొక్కటే మీమాంస: లైట్‌రూమ్ మేలా, క్యాప్చర్ వన్ మేలా? మబ్బు దాటిపోవును గాని మీమాంస దాటిపోదు.

ఈ సంప్రదాయమునకు మూలసూత్ర మొకటి కలదు. బొమ్మ బాగుగ రాకున్న అది తీసినవాని లోపము కాదు, దానిని దిద్దిన సాఫ్ట్‌వేరు లోపము. ఈ సూత్రము నంగీకరించితిరా, తక్కినదంతయు తర్కశుద్ధముగా సాగిపోవును: ఉత్తమ సాఫ్ట్‌వేరు లభించువరకు బొమ్మలు దిద్దుట అవివేకము, దిద్దని బొమ్మలను ఏరుట తొందరపాటు, ఏరని బొమ్మలకు పేర్లు పెట్టుట వ్యర్థము. కావున ఈ వ్రతదీక్షితుడు రాత్రులయందు యూట్యూబులో పోలిక వీడియోలు చూచుచు, మాస్కింగు ఎవరిది ఘనము, నాయిస్ తగ్గించుటలో ఎవరు ఘనులని పట్టికలు వేసికొనుచుండును. అతని హార్డ్ డిస్కులో మాత్రము "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ 2", "ఫైనల్", "ఫైనల్ ఫైనల్" అను నామధేయములతో సంతానము పెరుగుచుండును.

ఇక ఆ స్వయంవరమునకు వచ్చిన వరుల జాతకములు చూడుడు. 2004లో గూగుల్ కొనిన పికాసాను ఇంటింట నమ్మిరి. 2016లో గూగుల్ దానిని చాలించెను. ఆపిల్ వారి అపర్చర్ 2005లో వచ్చి వృత్తినిపుణుల మన్ననలందెను. 2014లో దానికిక అభివృద్ధి లేదని ఆపిల్ వారే ప్రకటించిరి. గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని బొమ్మలనైనను ఉచితముగ దాచుకొనవచ్చునన్న ఔదార్యము 2021 జూన్ 1న ముగిసి, 15 జీబీల గీటు పడినది. 2007లో వెలువడిన లైట్‌రూమ్‌ను ఒక్కసారి వెల చెల్లించి సొంతము చేసికొను పద్ధతి 2017తో అంతరించి, చందా కట్టు పద్ధతియే మిగిలినది. ఇందులో కొందరు అల్పాయుష్కులు, ఒకరు మాట తప్పినవారు, ఒకరు జీతమిచ్చినంత కాలమే కాపురము చేయువారు. ఇట్టివారిలో శాశ్వత వరుని వెదకుచు పూలమాలతో ఏండ్ల తరబడి తిరుగు మన వధువు నిష్ఠను మెచ్చుకొనవలసినదే. మరికొందరు, మిత్రుడు పెన్‌డ్రైవులో నిచ్చిన క్రాక్‌తో గాంధర్వ వివాహము కానిచ్చి, కంప్యూటరు వైరస్సు పాలైననాడు లోకమున నీతి నశించినదని వాపోవుదురు.

లైట్‌రూమ్‌ను వరించినవారిలో అనేకులు, దాని క్యాటలాగు బొమ్మలను తన కడుపులో దాచుకొనుననియే విశ్వసింతురు. అది దాచునది బొమ్మ కాదు. ఆ బొమ్మ డిస్కులో నుండు చోటి చిరునామాయు, దానికి చేసిన దిద్దుబాట్ల జాబితాయు మాత్రమే. డిస్కు నిండినదని యొక సాయంకాలము మూల ఫోల్డరును చెరిపివేసినచో, మరునాడు కోట్‌పల్లి ప్రాజెక్టు మీది సూర్యాస్తమయమును దిద్దబోగా, గడి మూలన చిన్న ఆశ్చర్యార్థకము ప్రత్యక్షమగును. చందా ఆగినవాని గతి ఇంతకంటె కొంత మేలు: పాత బొమ్మలు చూచుకొనవచ్చును గాని, డెవలప్ విభాగము తలుపు తెరచుకొనదు.

దిద్దుబాటు వైభవము వేరుగా వర్ణింపదగినది. జేపెగ్ ఫైలు ఒక్కొక్క వర్ణమునకు 256 మెట్లు మాత్రమే యీయగా, 14 బిట్ల రా ఫైలు 16,384 మెట్లు ఇచ్చునని గంటసేపు ఉపన్యసించు పండితుడు, వెల పెట్టి కొనిన ప్రీసెట్టు నొకదానిని నొక్కి, పచ్చని అడవిని నీలిమందులో ముంచి, ఆ మెట్లన్నిటిని ఒక్క గంతులో దిగివచ్చి, బొమ్మను వాట్సాపులో పంపును. వాట్సాపు దానిని మరల పిండి పిప్పిచేయును. 2019లో లూమినార్ 4, ఆ మరుసటి యేడు ఫోటోషాప్, ఆకాశమునే మార్చివేయు మీట నిచ్చినది మొదలు అనంతగిరికి సొంత మబ్బుతో పనిలేకపోయినది. ఇన్నాళ్లు తెలంగాణ ఊటీ యనిపించుకొని తృప్తిపడిన ఆ కొండ, ఇప్పుడీ బొమ్మలలో స్విట్జర్లాండు పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనినది. తాండూరు నాపరాయి సహజముగ బూడిద కలిసిన నీలము; ప్రీసెట్టు సోకినచో నెమలికంఠపు రంగు తేలును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందియు, ఈ మహాశయుల కెమెరాకు చిక్కెనా, దాని పూత ఏ దేశపుదో బ్రహ్మకైనను గుర్తుపట్టుట సాధ్యము కాదు.

ఇదే తాండూరు బజారులో పెండ్లి ఫోటోల స్టూడియో నడుపుకొను వానిని చూడుడు. అతడు కార్డు దింపుకొనగానే ఫోల్డరునకు తేదీ, వధూవరుల పేర్లు, ఊరు వ్రాయును. వ్రాయకున్న, పెండ్లికూతురి తండ్రి వచ్చి ఆల్బమేదని నిలదీయును. కన్నులు మూసినవి, కెమెరా కదలినవి ముందే త్రోసివేసి, మిగిలినవానిని దిద్ది, కరిజ్మా ఆల్బమునకు పంపును. ఏ సాఫ్ట్‌వేరు శ్రేష్ఠమని మన ఔత్సాహికుడు పోయి యడిగినచో, "ముందుగాల మంచియి ఏరుకో అన్నా, ఎడిటింగ్ సంగతి తర్వాత జూద్దాం" అనును. ఇతనికి సాంకేతిక పరిజ్ఞానము చాలదని నిర్ణయించుకొని ఔత్సాహికుడు మరలివచ్చును. ఆ ఊరి బండల యంత్రములు సైతము ఇదే బోధించుచున్నవి: ఎంత పాలిషు పట్టినను పగిలిన బండ అతుకదు.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికింద్రాబాదున స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో గతించెను. ఆయన గాజు నెగెటివులు 2,857 నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. గాజు బరువైనది, పగులునది, వెలగలది; కనుక తీయుటకు ముందు ఆలోచనయు, తీసిన పిదప జాగ్రత్తయు తప్పనిసరి యయ్యెను. అట్టి గాజు నూరేండ్లు దాటి నిలువగా, బరువే లేని మన బొమ్మలు ఫోను మార్చినంతనే అంతర్ధానమగుచున్నవి.

అట్లైన సాఫ్ట్‌వేరే వలదందురా? అనను. డార్క్‌టేబుల్, రాథెరపీ, డిజికామ్ అనునవి పైస ఖర్చు లేక దొరకుచున్నవి. చందా కట్టగలవారు కట్టవచ్చును. ఏది తెచ్చుకొనినను నిర్వహణ ధర్మ మొక్కటే: ఫోల్డరునకు సంవత్సరము, నెల, ఊరు పేరు పెట్టవలెను, మూడు ప్రతులుంచి, వానిలో ఒకటి వేరొక ఇంట దాచవలెను, బొమ్మలోని మనుష్యుల పేర్లు జ్ఞాపకమున్నప్పుడే వ్రాసిపెట్టవలెను, మూడు వందలు తీసినచో మూడు పదులకు మించి మిగుల్చుకొనరాదు. ఈ పనులలో దేనికిని కొత్త సాఫ్ట్‌వేరు అక్కరలేదు, ఏ సాఫ్ట్‌వేరును వీనిని మనకు మారుగా చేసిపెట్టదు. తాను తీసిన బొమ్మలలో మంచిచెడ్డ లేరలేనివానికి సాఫ్ట్‌వేరులలో మంచిచెడ్డ లేరు అర్హత లేదు.