జమ 43, ఖర్చు 43

మా ఇంట్లో రెండు లెక్కల పుస్తకాలున్నాయి. పాలవాడిది మా ఆవిడ రాస్తుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టుది నేను రాసేవాణ్ణి. పాలల్లో నీళ్లెన్నో ఆ పుస్తకం చెప్పదు గానీ, మా డిఫెన్సులో నీళ్లెన్నో నా పుస్తకం తేదీలతో సహా చెబుతుంది.

మచ్చుకు రెండు పద్దులు. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో, సెమీఫైనల్స్‌కు ముందు ఆడిన 20 మ్యాచుల్లో మావాళ్లు వేసిన గోల్స్ 43. ఇది జమ. 2023-24లో 22 మ్యాచుల్లో మావాళ్లకు పడ్డ గోల్స్ 43. ఇది ఖర్చు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఊళ్లో పెద్దపెద్దవాళ్ల బాకీలే ఏళ్ల తరబడి తేలవు. మా జట్టు మాత్రం రెండేళ్లు తిరిగేసరికి లోకం దగ్గర తీసుకున్న గోల్స్ లోకానికి చెల్లగొట్టేసింది. మిగతా బాకీల సంగతి తర్వాత చెబుతాను.

ఈ ఖర్చు పద్దు మీద ఆ 2023-24 రోజుల్లో ఇరానీ హోటల్లో మా బ్యాచి మధ్య వారం వారం చర్చ నడిచేది. చర్చ అంటే నేను మాట్లాడడం, మిగిలినవాళ్లు నా ఖర్చుతో ఉస్మానియా బిస్కెట్లు తినడం. అక్కడ తేలిన సిద్ధాంతాలు మూడు.

మొదటిది మర్యాద సిద్ధాంతం. డిఫెండర్ అన్నవాడు అడ్డం పడాలి. మావాడు పక్కకు జరిగేవాడు. దాన్ని చేతకానితనం అనేవాళ్లకు హైదరాబాద్ పెంపకం తెలియదు. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఎవరు నువ్వు, ఏం పని అని అడుగుతామా? ఆ సీజన్లో మా పెనాల్టీ బాక్సులోకి అవతలి ఫార్వర్డ్ వస్తుంటే నాకు మగపెళ్లివారు విడిదికి వస్తున్నట్టే ఉండేది. ఇద్దరు ఎదురెళ్లి తోడ్కొని వచ్చేవారు. ఒకడు కుర్చీ చూపించేవాడు. నాలుగోవాడు వంటింట్లోకి కేకేసేవాడు. గోల్‌కీపర్ పన్నీరు చల్లడమొక్కటే తక్కువ.

రెండోది చెరువు సిద్ధాంతం. గోలు ముందు పదహారున్నర మీటర్ల దాకా పెనాల్టీ బాక్సు ఉంటుంది. చుట్టూ తెల్లగా హద్దు గీసి ఉంటుంది. మా ఊరి చెరువులకూ ఎఫ్‌టీఎల్ అని, బఫర్ జోన్ అని ఇలాంటి హద్దులే ఉన్నాయి. హద్దుందని అందరికీ తెలుసు. ముందు ఒకడొచ్చి నిలబడతాడు, ఎవరూ ఏమీ అనరు. తర్వాత వాడి బావమరిది వస్తాడు. కాసేపాగి చూస్తే నాలుగంతస్తులు లేచి ఉంటాయి. మా బాక్సులోనూ అంతే. కార్నర్ కిక్ కొట్టే వేళకు అవతలి జట్టువాళ్లు ఐదుగురు అప్పటికే పాలు పొంగించుకుని కూర్చునేవారు. బంతి వలలో పడ్డాక మావాళ్లు చేతులెత్తి ఆఫ్‌సైడ్ అని మొరపెట్టుకునేవారు. కార్నర్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ ఉండదు. ఆ సంగతి రిఫరీకి తెలుసు, లైన్స్‌మన్‌కు తెలుసు, నాకూ తెలుసు. అయినా నేనూ ఇంట్లో చెయ్యెత్తేవాణ్ణి. అర్జీ పెట్టుకోవడం పౌరధర్మం.

మూడోది వాస్తు సిద్ధాంతం. ఇది మా మిత్రుడొకడిది. "అన్నా, డిఫెన్స్‌ను ఎందుకు తిడ్తవే? 24 అడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. గంత పెద్ద ద్వారానికి తలుపు లేకపోతే లక్ష్మి నిలుస్తదా?" అన్నాడు.

"సగం ఆటకు వైపులు మారుస్తారు కదరా! రెండు దిక్కులూ చూశాంగా?" అన్నాను.

"గందుకే రెండు దిక్కులా పడుతున్నయ్" అని ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు.

మా కంచె పుట్టినప్పటి నుంచీ ఇలా లేదు. అంటే, పుట్టినప్పుడు ఇలాగే ఉంది, మధ్యలో బాగుపడింది, మళ్లీ ఇలాగైంది. 2019లో కోల్‌కతాలో ఆడిన మొట్టమొదటి మ్యాచే ఏటీకే చేతిలో 5-0. బారసాల నాడే పిల్లవాడికి ఐదు వాతలు. ఆ ఏడు పట్టికలో అట్టడుగు. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి, పేరూ ఊరూ లేని కుర్రాళ్లను పట్టుకుని గోడ కట్టాడు. 2021-22లో ఆ గోడ చూడాలి: ఎడమన ఆకాశ్ మిశ్రా, కుడిన ఆశిష్ రాయ్, నడుమ చింగ్లెన్సానా, హువానన్, వాళ్ల వెనక లక్ష్మీకాంత్ కట్టిమణి. ఒక పక్క ఆకాశం, ఒక పక్క ఆశీస్సు, వెనక సాక్షాత్తూ లక్ష్మి మొగుడు. మా మిత్రుడి వాస్తు లెక్కన కూడా ఇంతకన్నా ఏం కావాలి?

2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే ఆడించారు గనక మావాళ్లు కప్పు దారి పట్టిన ఏడాది సొంత ఊళ్లో ఒక్క మ్యాచీ లేదు. ఫైనల్‌కు మాత్రం జనాన్ని రానిచ్చారు. టీవీ పెట్టగానే గ్యాలరీలన్నీ పసుపు. మా జట్టు రంగు పసుపే కాబట్టి, మావాళ్లు ఇంతమంది ఎప్పుడు బయల్దేరారా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పది నిమిషాలకు తెలిసింది, వాళ్లంతా కేరళ బ్లాస్టర్స్ అభిమానులని. వాళ్ల రంగూ పసుపే. ఆ రోజుకు చొక్కా రంగు మాకు దక్కి, వాళ్ల జట్టు నల్ల చొక్కాల్లో దిగింది. చొక్కా మాది, జనం వాళ్లది. ఆ మాటలో ఎంత అర్థముందో ఆనాడు నాకు తట్టలేదు. 1-1 దగ్గర ఆట ఆగి పెనాల్టీలకు వెళితే కట్టిమణి మూడు ఆపాడు. 3-1. కప్పు మాది. మా వీధిలో టపాసులు కాల్చింది నేనొక్కణ్ణే. క్రికెట్ మ్యాచి ఏదైనా ఉందా అని పక్కింటాయన తొంగి చూశాడు.

మరుసటి ఏడు గోడ ఇంకా గట్టిపడింది. 20 మ్యాచుల్లో పడ్డవి 16. ఆ పైన సెమీఫైనల్లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచులు, అదనపు సమయంతో కలిపి 210 నిమిషాలు. గోలు పడలేదు. మేమూ వేయలేదనుకోండి, అది వేరే శాఖ. చివరికి పెనాల్టీల్లో పోయింది. నా పుస్తకంలో ఆ రెండు మ్యాచుల పేజీ తెల్లగా ఉంటుంది. ఖర్చు పద్దు లేని పేజీ చూసుకుని ఏడ్చిన గుమాస్తా దేశంలో నేనొక్కణ్ణే.

తర్వాత ఇటుకలు కదిలాయి. ఆశిష్ రాయ్ అప్పటికే బగాన్‌కు వెళ్లిపోయాడు. 2023లో కోచ్ గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబయికి. ఆ తర్వాత చింగ్లెన్సానా బెంగళూరుకు. ఇటుక తర్వాత ఇటుక పోతుంటే చూస్తూ ఊరుకుని, వాన లోపలికి కొడుతోందని మేస్త్రీని తిట్టడం మొదలుపెట్టాం.

ఇక, తర్వాత చెబుతానన్న బాకీలు. గోల్స్ బాకీ తీర్చడంలో చూపిన నిజాయితీ జీతాల దగ్గరికొచ్చేసరికి కరువైంది. బాకీలు పేరుకుపోతే కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. సీజన్ మధ్యలో అనుభవమున్నవాళ్లు ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు. మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లు. ఆ ఏడు 22 మ్యాచుల్లో గెలిచింది ఒకటి, డ్రాలు ఐదు, మొత్తం 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపూ మార్చిలో చెన్నైయిన్ మీద, 1-0. ఆ తేదీకి మా అమ్మాయి పుస్తకంలో పసుపు కుంకుమ పెట్టింది.

మా ఆఫీసులో జీతం రెండు రోజులు ఆలస్యమైతే నేను మూడో రోజు ఫైలు ముట్టుకోను. ఒకటో తేదీ ఆరైతే మా సెక్షనంతా సామూహికంగా తలనొప్పితో బాధపడుతుంది. జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా తొంభై నిమిషాలు పరుగెత్తిన ఆ పిల్లలను మాత్రం సోఫాలో కాళ్లు చాపుకుని "జీతాలు తీసుకుంటున్నారు కదరా, కాస్త ఆడండి" అని తిట్టిన ఘనుణ్ణి నేనే. అది కూడా నా పుస్తకంలో రాసుకున్నాను. ఏ ఖాతాలో వేయాలో తెలియక అంచున రాశాను.

గోలు కాయడం మా ఊరికి కొత్త విద్యా అంటే, అదీ కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఊరిని కాసేవాళ్లే గోలునూ కాసేవారు. లోపలికి చొరబడడమంటే క్రిమినల్ కేసన్నట్టు ఉండేది. ఆ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. ఆయన కోచ్‌గా 1952 ఒలింపిక్స్‌కు హెల్సింకీ వెళ్లిన మన దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. పది! ఒక్క మ్యాచులో! మన జట్టులో చాలామంది కాళ్లకు బూట్లు లేకుండా ఆడారు.

అప్పుడు మా బ్యాచి గనక ఉండి ఉంటే ఆ రాత్రికే రహీం సాబ్ దిష్టిబొమ్మకు పెట్రోలు చందాలు వసూలయ్యేవి. ఆ కాలపువాళ్లకు ఇంత తెలివి లేదు. ఆయన్ని ఉంచారు. పిల్లల కాళ్లకు బూట్లు తొడిగారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే కోచ్, పలువురు హైదరాబాదీలున్న జట్టుతో నాలుగో స్థానానికి వెళ్లాడు. మన ఊరి అజీజుద్దీన్ డిఫెన్సులో నిలబడింది ఆ జట్టుకే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లోనైతే రహీం ఇంకో చిత్రం చేశాడు. జర్నైల్ సింగ్ అనే డిఫెండర్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, ఇంటికి పంపకుండా ఫార్వర్డ్‌గా దించాడు. దక్షిణ కొరియాతో ఫైనల్లో 2-1తో గెలిస్తే, ఆ రెండింటిలో ఒక గోలు జర్నైల్ కొట్టిందే. డిఫెన్సుకు కాళ్లెంత అవసరమో కాలమూ అంతే అవసరమని రహీంకు తెలుసు. కాలం ఇచ్చే ఓపిక ఊరికి ఉండేది. ఇప్పుడు మాకు ఆయన మీద హిందీ సినిమా ఉంది.

మా కథ చివరికొచ్చింది. యాజమాన్యం మారింది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. ఒకటి మెరుగే కదా అని మా ఆవిడ ఓదార్చింది. 2025లో జట్టు మొత్తం ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. మా గోడకున్న కన్నాలన్నిటి గుండా ఇన్నాళ్లూ బంతి పోతే, చివరికి ఒక పెద్ద కన్నం గుండా జట్టే బయటికి పోయింది. నలుగురు బ్యాకులు, ఒక కీపరు కలిసి దాన్ని ఎలా ఆపగలరు?

"పుణే వాళ్ల ఉసురు" అంది మా ఆవిడ. ఆవిడ ఫుట్‌బాల్ చూడదు గానీ లెక్క తప్పదు. 2019లో పుణేలో ఒక జట్టు మూతపడితేనే ఆ స్థానంలో మాది పుట్టింది. ఆనాడు మేం లడ్డూలు పంచుకున్నాం. పుణే అభిమాని ఏమయ్యాడని మాలో ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు ఢిల్లీలో ఎవరో లడ్డూలు పంచుకుంటూ ఉంటారు. వాళ్లకు నా సలహా ఒకటే: లెక్కల పుస్తకం కొనేముందు టికెట్టు కొనండి.

ఈ సలహా ఊరికే ఇవ్వడం లేదు. మొన్న దీపావళి ముందు ఇల్లు సర్దుతుంటే నా పుస్తకం పాత కాగితాల కట్టలోకి వెళ్లబోయింది. ఆఖరిసారి తిరగేద్దామని తీస్తే వెనక అట్ట లోపల మా అమ్మాయి చేతిరాత కనిపించింది. ఎప్పుడు రాసిందో తెలియదు. దానికి "నాన్న హాజరు పట్టిక" అని పేరు పెట్టింది. 43 గోల్స్ పడ్డ ఆ సీజన్లో మావాళ్ల హోమ్ మ్యాచులు 11.

నాన్న గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లింది రెండుసార్లు. అందులో ఒకటి ఫ్రీ పాసు.