పసుపుకే ఓటు

గద్దె దిగమని రాజు మీద ప్రజలు తిరగబడటం చరిత్రలో మామూలే. రాజు దిగిపోతానంటుంటే ప్రజలు వద్దు వద్దని బతిమాలుకున్న దేశం మాత్రం నాకు తెలిసి భూటాన్ ఒక్కటే. 2005 డిసెంబరు 17న, వాళ్ల జాతీయ దినోత్సవం నాడు, తూర్పు కొసన ఉన్న త్రాషియాంగ్‌త్సేలో నాలుగో రాజు జిగ్మే సింగే వాంగ్చుక్ జనం ముందు నిలబడి రెండు కబుర్లు చెప్పారు. ఒకటి, 2008లో ఎన్నికలు. రెండు, తాను తప్పుకుని కొడుక్కి పట్టం కట్టడం. అప్పటికి ఆయన వయసు యాభై. రోగం లేదు, రొష్టు లేదు, తిరుగుబాటు అసలే లేదు. పైగా చెప్పిన గడువు దాకా ఆగకుండా 2006 డిసెంబరులోనే రాజ్యం కొడుకు చేతిలో పెట్టేశారు. కొత్త రాజుకు ఇరవై ఆరేళ్లు.

రాజ్యాంగం ముసాయిదా పట్టుకుని తండ్రీకొడుకులు జిల్లాలు తిరిగారు. అందులో ఏముందో చదివి వినిపించారు. రాజుకు 65 ఏళ్లు నిండితే దిగిపోవాలి. పార్లమెంటు తలుచుకుంటే, ప్రజాభిప్రాయం తీసుకుని అంతకు ముందే దింపేయవచ్చు కూడా. తనను దింపే నిబంధనను తానే పెట్టించి, తానే ఊరూరా వినిపించిన రాజును చూసి రైతులు బిక్కచచ్చిపోయారు. మాకెందుకు మహాప్రభో ఇవన్నీ, మీరే ఉండండి అన్నదే చాలాచోట్ల జనం మాట.

వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. టీవీ ఆ దేశానికి వచ్చిందే 1999లో. వచ్చాక అందులో వాళ్లకు కనపడిన ప్రజాస్వామ్యాలన్నీ ఇరుగుపొరుగువే. నేపాల్ అప్పుడే పదేళ్ల అంతర్యుద్ధం నుంచి లేస్తోంది. బంగ్లాదేశ్‌లో 2007 జనవరిలో ఎన్నికలు వాయిదా వేసి ఎమర్జెన్సీ పెట్టారు. ఇక మన సంగతి వేరే చెప్పాలా? వార్డు మెంబరు ఎన్నికకే కుర్చీలు గాల్లోకి లేచే ఊళ్లు మనవి.

ఓటు వేయడం అలవాటు లేని జనానికి ముందు రిహార్సల్ చేయిద్దామనుకుంది ఎన్నికల సంఘం. 2007 ఏప్రిల్ 21న మాక్ పోలింగ్ పెట్టారు. అప్పటికి నమోదైన నిజం పార్టీలు లేవు కాబట్టి నాలుగు ఉత్తుత్తి పార్టీలు పుట్టించి రంగుల పేర్లు పెట్టారు: డ్రుక్ నీలం, డ్రుక్ ఆకుపచ్చ, డ్రుక్ ఎరుపు, డ్రుక్ పసుపు. డ్రుక్ అంటే వాళ్ల జెండా మీది ఉరుముల డ్రాగన్. నీలం పార్టీ అవినీతి మీద పోరాడుతుంది. ఆకుపచ్చది అడవుల్ని కాపాడుతుంది. ఎరుపు ఫ్యాక్టరీలు తెస్తానంటుంది. పసుపు మన సంప్రదాయం, మన పద్ధతులు అంటుంది. (పసుపు అనగానే మనకు గుర్తొచ్చే పార్టీ వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.) మేనిఫెస్టోలు కూడా అచ్చు వేసి పంచారు. మగాళ్లు గో, ఆడవాళ్లు కిరా కట్టుకుని, గుర్తింపు కార్డులు చేతబట్టుకుని, గుడికి వెళ్లినంత భక్తిగా వరుసల్లో నిలబడ్డారు. మొదటి విడతలో ముందు నిలిచిన రెండు రంగులకు మే 28న రెండో విడత పెట్టారు. దానికి అభ్యర్థులు కావాలి కదా? హైస్కూలు పిల్లల్ని నిలబెట్టారు. పార్టీలు ఉత్తుత్తివి, అభ్యర్థులు బడి పిల్లలు. ఈవీఎంలు మాత్రం అసలైనవే, మన దేశం నుంచి వెళ్లినవే.

ఫలితం: 47 నియోజకవర్గాల్లో పసుపుకి 46, ఎరుపుకి 1.

సంప్రదాయం గెలిచిందని కొందరు విశ్లేషించారు. నాకైతే అంత విశ్లేషణ అక్కర్లేదనిపిస్తుంది. భూటాన్‌లో పసుపు రాజుగారి రంగు. జెండాలో పై సగం పసుపు రాజు అధికారానికి గుర్తు. పసుపు ఉత్తరీయం వేసుకునే అర్హత రాజుకీ, ప్రధాన మతాచార్యుడికీ తప్ప మరొకరికి లేదు. నీకెవరు కావాలి అని రాజు అడిగితే, నువ్వే అని జనం బటన్ నొక్కి చెప్పారు.

అసలు ఎన్నిక దాకా వచ్చేసరికి నిబంధనలు బిగిశాయి. పోటీ చేయాలంటే డిగ్రీ ఉండాలి. పట్టభద్రుల్ని వేళ్ల మీద లెక్కపెట్టుకోదగ్గ కొండ జిల్లాల్లో ఇదొక తంటా. 2007 డిసెంబరు 31న ఎగువ సభకు పోలింగ్ జరిగితే కొన్ని జిల్లాల్లో చాలినంతమంది అభ్యర్థులే దొరక్క వాయిదా వేశారు. మతం, రాజకీయం కలవకూడదని భిక్షువులకు ఓటు లేదన్నారు. మూడో పార్టీ ఒకటి దరఖాస్తు పెట్టుకుంటే, దేశాన్ని నడిపే సత్తా మీకు లేదని ఎన్నికల సంఘం తిప్పి పంపింది. సత్తా తేల్చాల్సింది ఓటరు కదా అని అక్కడ ఎవరైనా అడిగారో లేదో మరి.

మిగిలినవి రెండు పార్టీలు. ఒకదానికి జిగ్మీ థిన్లే నాయకుడు, రెండోదానికి సాంగే న్గెడుప్. ఇద్దరూ రాజు కింద ప్రధానులుగా పనిచేసినవాళ్లే. రెండోవారు కొత్త రాజుకు స్వయానా మేనమామ. ఇద్దరి మేనిఫెస్టోల్లోనూ పెద్ద రాజుగారి ‘స్థూల జాతీయ ఆనందం’ సిద్ధాంతమే. పేర్లు కప్పేసి చదివితే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం.

2008 మార్చి 24న ఓటేశారు. దాదాపు 80 శాతం పోలింగ్. బస్సెక్కితే వాంతులవుతాయని 65 ఏళ్ల పెద్దావిడ ఒకామె రెండు వారాల పాటు కొండదారుల్లో నడిచి సొంతూరు చేరి ఓటు వేసిందని పత్రికలు రాశాయి. ఎవరి ఓటు వాళ్ల సొంతూళ్లోనే ఉంటుంది మరి. చివరికి లెక్క తేలింది: థిన్లే పార్టీకి 45, మేనమామ పార్టీకి 2. ఓడిన పార్టీకి మూడో వంతు ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం రెండే. ఆ రెండింటిలో మేనమామగారి సీటు లేదు. ప్రతిపక్షం అంతా కలిసి స్కూటరు మీద సభకు వెళ్లొచ్చు. మేనమామ పార్టీకి ఓటేస్తే రాజుకు దగ్గరవుతామనుకోలేదు జనం; థిన్లే అయితే రాజు దారిని ఇంకా గట్టిగా పట్టుకుంటాడనుకున్నారు. అంటే మళ్లీ పసుపుకే.

ప్రపంచమంతా ముచ్చటపడింది. అవతల నేపాల్, మాక్ పోలింగ్ రెండో విడతకు సరిగ్గా ఏడాదికి, 2008 మే 28న తన రాజరికాన్ని రద్దు చేసింది. అక్కడ లాక్కున్నారు, ఇక్కడ ఇచ్చారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, భూటాన్ రాజు అడక్కుండానే పెట్టాడు అని అందరూ రాశారు.

అడగలేదన్నది అబద్ధం. అడిగినవాళ్లున్నారు.

దక్షిణాన పల్లపు జిల్లాల్లో తరాలుగా ఏలకులు, నారింజలు పండించుకునే నేపాలీ మాట్లాడే రైతులు వాళ్లు. 1985లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1988లో జనాభా లెక్కలవాళ్లు వచ్చి, మీరు 1958లో ఇక్కడున్నట్టు రుజువు చూపించమన్నారు. రుజువంటే ఆ ఏటి భూమి శిస్తు రసీదు. ముప్ఫై ఏళ్ల కిందటి కాగితం ముక్క. 1957 రసీదు తెచ్చినవాళ్లున్నారు, చెల్లదన్నారు. 1959ది తెచ్చినవాళ్లున్నారు, అదీ చెల్లదన్నారు. సరిగ్గా 1958దే కావాలి. లేకపోతే పరాయివాళ్ల కింద లెక్క. పైగా గో, కిరా కట్టి తీరాలన్నారు, బళ్లలో నేపాలీ చెప్పడం ఆపేశారు. 1990లో వాళ్లు ఊరేగింపులు తీశారు. హక్కులు కావాలి, ప్రజాస్వామ్యం కావాలి అన్నారు. అవును, ఆ మాటే అన్నారు, రాజుగారు అనడానికి పదిహేనేళ్ల ముందు. అరెస్టులు జరిగాయి, ఇళ్లు కూలాయి. మా ఇష్టంతోనే దేశం విడిచి పోతున్నాం అన్న కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పంపేశారు. లక్ష మంది తేలారు తూర్పు నేపాల్లో, ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో, వెదురు గుడిసెల్లో. దేశం మొత్తం జనాభా ఏడు లక్షలు లేని చోట లక్ష!

పిల్లలు ఆ గుడిసెల్లోనే పుట్టి పెద్దయ్యారు. నేపాల్, భూటాన్ అధికారులు ఏళ్ల తరబడి చర్చలు జరిపారు గానీ, ఆ చర్చల వల్ల ఇంటికి చేరిన కాందిశీకుడు ఒక్కడూ లేడు. చివరికి అమెరికా ముందుకొచ్చి అరవై వేల మందిని తీసుకుంటానంది. మొదటి జట్టు విమానమెక్కింది 2008 మార్చిలో, అంటే భూటాన్ ఓటేసిన నెలలోనే. తర్వాత్తర్వాత అమెరికాకూ, ఇతర దేశాలకూ కలిపి లక్ష దాటి వెళ్లిపోయారు. ఈనాడు చాలామంది ఆ దేశాల్లో పౌరులు, అక్కడి ఓటర్లు.

కానీ 2007 మేలో శిబిరాల్లో చాలామందికి అమెరికా అక్కర్లేదు, ఇల్లు కావాలి. భూటాన్ తన జనానికి ఓటు నేర్పుతోందని వాళ్లకూ తెలిసింది. ఆ నెలాఖరున, అక్కడ బడి పిల్లలు ఉత్తుత్తి అభ్యర్థులుగా నిలబడ్డ ఆ రోజుల్లోనే, వేలమంది మూటాముల్లె సర్దుకుని నడుచుకుంటూ నేపాల్ తూర్పు సరిహద్దులోని మెచీ నది వంతెన దగ్గరికి వచ్చారు. అది దాటితే భూటాన్ కొన్ని గంటల ప్రయాణం. పదిహేను, పదహారేళ్ల కిందట వాళ్లు వచ్చిందీ ఆ దారినే, అప్పుడు ఎవరూ ఆపలేదు. ఈసారి వంతెన మీద తుపాకులున్నాయి. కాల్పుల్లో ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు.

కాల్చింది భూటాన్ సైనికులు కాదు. నేపాల్ పోలీసులూ కాదు. ఈవీఎంలు పంపిన దేశపు బలగాలు.