కాంటా మీద ఒక్కటే బండి

ఏం పోరలురా మీరు! పొద్దున లేస్తే క్వాంటం, పొద్దుగూకితే క్వాంటం. అమరావతిల క్వాంటం వ్యాలీ అంట, 2023ల ఢిల్లీ సర్కారు ఆరువేల కోట్ల మిషన్ పెట్టిందట. మరి వెలుతురు గుంపులుగ ఎందుకొస్తదిరా అంటే నోరు తెరుస్తవ్.

మా దినాలల్ల కందకుర్తి కెల్లి చెరుకు బండ్లు బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి పోతుండె. బాట మీద ఒకపాలి పది బండ్లు ఎనకాల ఎనక, మళ్ల గంటదాక ఒక్కటి లేదు. నక్షత్రం వెలుతురు గూడ గట్లనే. లెక్కలేనన్ని పరమాణువుల అలలు కలిసి ఎచ్చుతగ్గులైతయ్ గనుక వెలుతురు రేణువులు, అంటే ఫోటాన్లు, జమగూడి వస్తయ్. ఫ్యాక్టరీల తూకం కాంటా కాడ మాత్రం ఒక బండి దిగినంకనే ఇంకోటి ఎక్కాలె. ఒంటరి పరమాణువుది గీ లెక్క; ఒక ఫోటాన్ ఇడిసినంక మళ్ల శక్తి అందేదాక రెండోది ఇడువది. ఆ ఫ్యాక్టరీ 2015ల మూతపడె, నీకు కాంటా చూపిద్దామన్నా లేకపాయె.

గుంపు సంగతి పట్టిన శాస్త్రవేత్తలు హాన్‌బరీ బ్రౌన్, ట్విస్. బ్రౌన్ పుట్టింది మన నీలగిరులల్లనే, 1916ల. మిలిటరీ సర్చిలైటు అద్దాలు రెండు తెచ్చి, ఇంగ్లండు చలిల సిరియస్ తారకు గురిపెట్టిన్రు. ఐదు నెలలు మబ్బులతోటి కొట్లాడితే దొరికింది 18 గంటల వెలుతురు. అద్దాలు ఎడం జరిపినకొద్ది రెండిటి మిణుకుల జత తగ్గుతది. ఆ తగ్గుడుతోటే తార వెడల్పు కొలిచిన్రు. కాని పని అని పెద్ద పెద్దోళ్లన్నా ఇడువలే. నీకేమో రీలు ఆగితే అరనిమిషం ఓపిక లేదు.

1977ల అమెరికా రోచెస్టర్‌ల కింబుల్, డాజెనై, మాండెల్ సోడియం పరమాణువుల కాడ కాంటా లెక్క తేల్చిన్రు. అదే ఏడు గిరీశ్ అగర్వాల్ మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకొచ్చిండు. 1995 దాక గీడనే ఉండి వెలుతురు నడత కాగితాల మీద తేల్చిండు. ఏ రీలన్న చెప్పిందారా నీకు? కేరళ సుదర్శన్ 1963లనే వెలుతురు క్వాంటం నడతకు గణితం రాస్తే, 2005ల నోబెల్ గ్లౌబర్‌కిచ్చి ఆయనను పక్కన పెట్టిన్రు. ఆ మంట నాకింక సల్లారలే.

ఇప్పటి మంచి డిటెక్టర్లు నూటికి తొంభై ఫోటాన్లు పడ్తయంటవ్. నిజమే, ఒప్పుకుంట. అప్పటి డిటెక్టర్ ట్యూబులకు పావు వంతు గూడ అందకపోయేది. అయినా సరే, ముందుగాల ఆ సిరియస్ లెక్క చేత్తోటి కట్టి పట్కరా, అటెనుక చెప్పు అమరావతి ముచ్చట.