బుర్రకు సాన పట్టే పెట్టె

జపాన్‌లోని ఫుకువోకాకు చెందిన లెవెల్-5 సంస్థ నింటెండో డీఎస్ అనే చేతి ఆటపెట్టె కోసం 2007లో మొదలుపెట్టిన ఆటల వరస ప్రొఫెసర్ లేటన్. పొడుగు టోపీ ఆచార్యుడు, ల్యూక్ అనే కుర్ర శిష్యుడు రహస్యాలు ఛేదిస్తూ తిరుగుతారు. ఊళ్లో ఎవరిని ఏ సంగతి అడిగినా, ముందు ఈ చిక్కుముడి విప్పు, తర్వాత చెబుతానంటారు. ఆ ముడుల వెనకున్న పెద్దాయన అకిరా తాగో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. ఆచార్యుడి చెయ్యి పడింది గనక అది ఇక ఆట కాదు, చదువు!

జూన్‌లో మస్కట్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అక్కడి తెలుగు ప్రవాసులు సెలవుల్లో పిల్లవాణ్ణి బయటికి పంపలేరు, ఖాళీగా ఉంచలేరు. ఆ ఊళ్లోని రూవీ పేట ఫ్లాటులో ఏసీ కింద ఈ పెట్టె వాడి చేతికొస్తుంది. ఊరికే ఆడుకుంటున్నాడంటే తండ్రికి నామోషీ. ‘లాజిక్ పెరుగుతుందండీ’ అంటే అదో హోదా. ఐఐటీ సీటుకు పునాది అక్కడే పడిపోతుంది.

లాజిక్ పెరిగే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. సూచన కావాలంటే నాణెం ఖర్చుపెట్టాలి, నాణేలేమో బొమ్మలో దాగి ఉంటాయి. కనుక భావి ఐఐటీయన్ వీధి దీపాన్నీ కిటికీనీ పొగగొట్టాన్నీ వరసపెట్టి టకటకా పొడుస్తాడు. జవాబు తప్పితే పికరాట్లనే మార్కులు కాస్త తగ్గి ఆగిపోతాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు గుడ్డిగా కొట్టినా అడిగేవాడు లేడు. జేఈఈ వాళ్లకు ఇంత జాలి లేదు.

మొదటి ఆటలో మూడు తోడేళ్లనూ మూడు కోడిపిల్లలనూ తెప్ప మీద ఏరు దాటించాలి. పులినీ మేకనూ గడ్డిమోపునూ కథలో ఏరు దాటించిన అమ్మమ్మ ఎవరినీ రియాళ్లు అడగలేదు, మేధస్సు పెరుగుతుందని గ్యారంటీ కూడా ఇవ్వలేదు.

లేటన్ మీద కాదు గానీ, ఇదే జాతి బుర్ర కసరత్తుల మీద పెద్ద పరీక్షే జరిగింది. 2010లో నేచర్ పత్రిక అచ్చేసిన అధ్యయనంలో 11,430 మంది ఆరు వారాలు సాధన చేశారు. చేసిన కసరత్తులో చెయ్యి తిరిగింది, మిగతా పనుల్లో బుర్ర ఎక్కడిదక్కడే ఉంది. 2016లో లుమోసిటీ అనే బుర్ర కసరత్తుల ఆటల తయారీ సంస్థ, ఆధారం లేని గొప్పలు చెప్పుకుందన్న అభియోగం మీద అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టుకుంది.

ఆ లెక్కన సెలవులు ముగిసేసరికి రూవీ పిల్లవాడు తోడేళ్లను దాటించడంలో ఆరితేరి ఉంటాడు. తోడేళ్లను ఏరు దాటించే కొలువు, ఒమానీలకే కేటాయించే ఒమానీకరణ జాబితాలోకి ఇంకా ఎక్కలేదు కాబట్టి, ప్రవాసులు నిరభ్యంతరంగా దరఖాస్తు చేసుకోవచ్చు.