వైఫై రక్షణ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: వైర్‌లెస్ సదుపాయమును అనధికార వినియోగము నుండి సంరక్షించుకొనుటకు తగు జాగ్రత్తలు వహించుట వినియోగదారుని బాధ్యతయై యున్నది.

అవతారిక: ఇంటికి ఇంటర్నెట్ తీసుకొనే గృహస్థు చేత సంతకం చేయించుకొనే పత్రాల అడుగున, కొద్దిపాటి పాఠభేదాలతో, ఇటువంటి వాక్యమొకటి చీమతలకాయంత అక్షరాలలో కనిపిస్తుంది. దీని కర్త పేరు ఏ ప్రతిలోనూ లేదు. అంతమాత్రాన దీన్ని అపౌరుషేయమనడానికి వీల్లేదు, ఎందుకంటే వేదాన్ని వల్లించేవారు ఇప్పటికీ ఉన్నారు గాని, ఈ వాక్యాన్ని దాని కింద సంతకం పెట్టినవారు సైతం చదివిన దాఖలా లేదు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించి, టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్న మాట ఊళ్లలో పాకిన నాటి నుండి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులలో రకరకాల సంస్థల సన్నని తీగలు స్తంభాల మీదుగా ఇళ్లలోకి దిగాయి. తీగతో డబ్బా, డబ్బాతో కాగితం, కాగితంతో ఈ వాక్యం వచ్చాయి. వ్యాఖ్య మాత్రం రాలేదు.

ఇది కడప సీమకు తగని లోటు. 1820లో ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్, తెలుగు కావ్యాలు చదవబోయి అర్థం కాక, బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, ప్రతులు పోల్పించి టీకలు రాయించాడు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్య చేయించినది ఆయనే. మూలంతో పోలిస్తే మనుచరిత్ర సులభగ్రంథమని ఒప్పుకోక తప్పదు. అందులో హిమాలయం మీద చిక్కుకుపోయిన ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటికి ఎలా చేరాడో విశదంగా ఉన్నది, ఇందులో జాగ్రత్త ఎలా వహించాలో అరమాట లేదు. కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యలలో మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకొన్నాడు. మూలంలో ఏమైనా ఉన్నప్పుడు ఆ నియమం చెల్లుతుంది. ప్రొద్దుటూరిలో స్థిరపడిన పుట్టపర్తి నారాయణాచార్యుల వారు చిన్ననాడు రాసిన 'పెనుగొండ లక్ష్మి' తమ విద్వాన్ పరీక్షకే పాఠ్యగ్రంథమైతే, దాని మీది ఒక చిన్న ప్రశ్నకు పుటల కొద్దీ జవాబు రాసి, మిగతా ప్రశ్నలకు వేళ చాలక పరీక్ష తప్పారని చెప్పుకొంటారు. ఈ వ్యాఖ్య ఆ రెండవ సంప్రదాయానికి చెందినది.

టీక: 'వినియోగము', 'వినియోగదారుడు' సుగమాలు కనుక విడిచిపెట్టడమైనది. 'వైర్‌లెస్ సదుపాయము' అనగా గోడకు బిగించిన రౌటరనే డబ్బా నుండి గాలిలోకి వెలువడే రేడియో తరంగం, 2.4 గిగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడను దాటే శక్తి తక్కువ. ఈ సదుపాయం ఎవరికన్నది కట్టడాన్ని బట్టి ఉంటుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతం నాపరాయికి పుట్టిల్లు కావడం వల్ల పాత మిద్దెల గోడలు మంచి మందాన రాతితో లేచాయి. తీగ వీధి వైపు నుండి వస్తుంది కనుక, లోపలికి లాగితే మరికొన్ని గజాల తీగ ఖర్చు కనుక, డబ్బా వాకిలి పక్కనే వెలుస్తుంది. తరంగం రాతిని చీల్చుకొని పడకగదికి పోలేక, తెరిచిన వాకిలి గుండా వీధిలోకి హాయిగా నడిచిపోతుంది. నెలనెలా డబ్బు కట్టే యజమాని ఫోనులో ఒక్క గీత, ఎదురింటి అరుగు మీది కుర్రవాడి ఫోనులో నిండుగా గీతలు.

'అనధికార': ఏ కర్మకు ఎవరు అర్హులన్న విచారణకు జైమిని మీమాంసాసూత్రాలలో ఆరవ అధ్యాయాన్ని పూర్తిగా కేటాయించాడు. స్వర్గం కోరేవాడు యాగానికి అధికారి అని అక్కడి నిర్ణయం. వైఫైకి అధికారి ఎవరని అడిగితే పత్రం మౌనం వహిస్తుంది. యజమాని, భార్యాబిడ్డలు అధికారులనడంలో వివాదం లేదు. దసరాకు ప్రొద్దుటూరు వచ్చిన అల్లుడు పాస్‌వర్డ్ అడిగితే లేదనగల మామగారు ఇంకా పుట్టలేదు. మేడ మీద అద్దెకున్నవారు, ట్యూషన్ పిల్లలు, "అన్నా, ఒక్క సినిమా దించుకుంటా, పాస్‌వర్డ్ చెప్పన్నా" అని నిలబడ్డ పక్కింటి డిగ్రీ విద్యార్థి, వీరందరూ క్రమంగా అధికారులవుతారు. పైగా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండి, పాస్‌వర్డ్ తెలిసిన ఫోను దాన్ని చతురస్రపు గళ్ల బొమ్మగా తెర మీద చూపి మరొక ఫోనుకు అందించగలదు. అల్లుడి నుండి అల్లుడి స్నేహితుడికి, అతడి నుండి వీధికి ఉపదేశ పరంపర మాట పలకకుండానే సాగుతుంది. ప్రతివాడికీ ఎవరో ఒకరు ఇచ్చినదే అయినప్పుడు అనధికారి అనేవాడు ఎక్కడున్నాడని పూర్వపక్షం. దీనికి సిద్ధాంతం దొరకలేదు.

సరే, పాస్‌వర్డ్ ఎవరూ ఇవ్వకనే తీసుకొన్నవాడున్నాడనుకొందాం. అతణ్ణి చోరుడనడానికి చౌర్యశాస్త్రం ఒప్పుకొంటుందా అన్నది ఆలోచించదగినది. శూద్రకుని మృచ్ఛకటికం మూడవ అంకంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేయబోతూ చేసే శాస్త్రచర్చ ముందు నేటి సైబర్ నిపుణుల ఉపన్యాసాలు వెలవెలబోతాయి. అతడు చోరుల దైవమైన కుమారస్వామిని తలచుకొంటాడు. నిత్యం అర్ఘ్యం విడిచే నీళ్లకు తడిసి మెత్తబడిన గోడ భాగాన్ని చేత్తో తడిమి ఎంచుకొంటాడు. కాల్చిన ఇటుకలైతే ఊడలాగాలి, పచ్చి ఇటుకలైతే కోయాలి, మట్టిగోడైతే తడపాలి, కొయ్యదైతే చీల్చాలి అని నాలుగు పద్ధతులు స్మరిస్తాడు. కన్నానికి విరిసిన పద్మం, సూర్యబింబం, నెలవంక, దిగుడుబావి, స్వస్తికం, పూర్ణకుంభం వంటి ఆకారాలు ఏడని లెక్కించి, ఇటుక గోడకు పూర్ణకుంభం శోభిస్తుందని తీర్మానిస్తాడు. కొలతతాడు మరచి వచ్చానని గ్రహించి జంధ్యాన్ని తీసి కొలుస్తాడు, బ్రాహ్మణుడికి, అందులోనూ తనవంటివాడికి, అది ఎంత ఉపయోగకరమో అని మురిసిపోతాడు. నిద్రలేచిన చారుదత్తుడు మొదట చేసే పని కన్నపు అందాన్ని మెచ్చుకోవడం. దొంగకూ ఇంటాయనకూ ఒకే శాస్త్రంలో అభిరుచి ఉన్న ఆ ఉజ్జయినిలో దొంగతనం కూడా ఒక సంభాషణ. కొల్లగొట్టబడినవాడికి కనీసం చూసుకోవడానికి ఒక పూర్ణకుంభమైనా మిగిలింది.

వైఫై విషయంలో గోడకు కన్నం లేదు, పెట్టెలో సొమ్ము తగ్గలేదు. రాత్రి తొమ్మిది గంటలకు తెర మీద బొమ్మ ఆగిపోయి చిన్న చక్రం తిరగడం ఒక్కటే లింగం, అంటే గుర్తు. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నట్టు చక్రం ఉన్నచోట దొంగ ఉన్నాడని గృహస్థు అనుమాన ప్రమాణాన్ని ప్రయోగించి, ఎదురింటి అరుగు వైపు చూస్తాడు. ఇది వ్యభిచరించిన హేతువు. దొంగ లేకున్నా చక్రం తిరుగుతుంది, ఎందుకంటే ఒక వీధికి చాలే ప్రవాహాన్ని నాలుగు వీధులకు పంచితే అందరూ టీవీ ముందు కూర్చొనే వేళకు ఎవరికీ చాలదు. ఇదే సంగతి అడుగుదామని ఫోను చేస్తే, "మీ వైఫై ఎవరో వాడుతుంటారు సార్, చూసుకోండి" అనే సమాధానం వస్తుంది. మూలవాక్యం పుట్టింది ఈ సమాధానం కోసమేమోనన్న సందేహం వ్యాఖ్యాతను వదలడం లేదు. తీగలో లోపాన్ని పక్కింటివాడి మీద మోపి, తరాలుగా చద్దికూర ఇచ్చిపుచ్చుకొన్న రెండిళ్ల మధ్య మాటలు లేకుండా చేయడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. నిజం తేల్చడానికి అన్వయ వ్యతిరేకాలు చాలు: డబ్బాలో వైఫైని ఆపి, కంప్యూటరును తీగతో నేరుగా డబ్బాకు తగిలించి వేగం చూడాలి, అప్పుడూ మందగొడిగానే ఉంటే అరుగు మీది కుర్రవాడు నిర్దోషి.

'సంరక్షించుకొనుట': జమ్మలమడుగుకు సమీపాన పెన్న చీల్చిన లోయ అంచున గండికోట ఉన్నది, దాన్ని కాపాడవలసిన పెమ్మసాని నాయకుల చేతిలోనే దాని తలుపుల తాళాలు ఉండేవి కనుక కాపాడమనడంలో అర్థమున్నది. రౌటరుకు తాళాలు రెండు. వైఫై పాస్‌వర్డ్ వీధి తలుపుది. అడ్మిన్ పాస్‌వర్డ్ అనేది ఆ తలుపు తాళాన్నే మార్చగలది, లోపల ఎవరెవరి ఫోన్లు ఉన్నాయో జాబితా చూపగలది. రెండవదాన్ని డబ్బా బిగించినవాడు చాలా ఇళ్లలో తన దగ్గరే ఉంచుకొని పోతాడు, లేదా కర్మాగారంలో పెట్టినదాన్ని అలాగే వదిలేస్తాడు. మొదటి పక్షంలో యజమాని దాన్ని మార్చలేడు, రెండవ పక్షంలో ఎవడైనా మార్చగలడు.

'తగు జాగ్రత్తలు': మూలం మొత్తంలో కఠినమైన పదం ఇదే. కష్టమైన చోట 'స్పష్టం' అని రాసి ముందుకు పోయే వ్యాఖ్యాతల పద్ధతినే పత్రకర్తలూ పాటించారు. సంప్రదాయంగా దొరుకుతున్న ఉపదేశం ఒక్కటే, డబ్బా బిగించిన అబ్బాయి వెళుతూ వెళుతూ చెప్పేది: "మీ ఫోన్ నంబరే పెట్టినా సార్, మర్చిపోకుండా ఉంటాది. ఎవరికీ చెప్పాకండి." ఈ రెండు వాక్యాల పరస్పర విరోధాన్ని పరిహరించడం ఏ పండితుడికీ సాధ్యం కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగడి బోర్డు మీద, పులివెందుల చీనీకాయల వ్యాపారి లారీ మీద, పెళ్లి పత్రిక మీద ఆ నంబరు పెద్ద అక్షరాలలో ఉంటుంది. లేదనుకొన్నా, మన దేశపు మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి కనుక సాధ్యమైనవి 400 కోట్లు. ఒక ఫోను డబ్బాకు తగులుకొనేటప్పుడు రెండింటి మధ్య జరిగే నాలుగు మాటల సంభాషణను గాలిలో పట్టి దాచుకొన్నవాడు, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు మీద తరువాత తీరికగా వాటిని ఒక్కొక్కటే సరిచూసుకోవచ్చు. అది కొన్ని గంటల పని.

పత్రం చెప్పకపోయినా చెప్పవలసినది ఇంతే. పాస్‌వర్డుకు 8 నుండి 63 అక్షరాల దాకా చోటున్నది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాస్తే ఇంట్లోవారికి గుర్తుంటుంది, యంత్రానికి చిక్కదు. రక్షణ పద్ధతి అనే చోట వెప్ అనేది ఉంటే తీసివేయాలి, అది 2001లోనే పగిలింది. 2004 నాటి డబ్ల్యూపీఏ2 గాని, 2018లో ప్రకటించిన డబ్ల్యూపీఏ3 గాని ఉండాలి. మీట నొక్కి తగిలించే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయాలి. దాని ఎనిమిదంకెల పిన్నును పది కోట్ల ప్రయత్నాలకు గాని పట్టుకోలేరనుకొంటే, డబ్బా మొదటి సగం ఒప్పో తప్పో విడిగా చెప్పేస్తుందనీ, చివరి అంకె మిగతావాటి నుండే లెక్కకు వస్తుందనీ, కాబట్టి 11,000 ప్రయత్నాలు చాలుననీ 2011లో బయటపడింది. వచ్చేపోయేవారికి గెస్ట్ నెట్‌వర్క్ అనే వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉంటే అల్లుడి మర్యాదకూ లోటు రాదు. వైఫై పేరును దాచిపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. దానికి 'పోలీస్ కంట్రోల్ రూమ్' అని పేరు పెట్టడం వల్ల అంతకంటే తక్కువ.

తాత్పర్యం: తరువాత ఏం జరిగినా మమ్మల్ని అడగవద్దు.

విశేషాంశం: 'బాధ్యత' అన్న మాట వట్టి బెదిరింపు కాదు. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో నివసించే ఒక అమెరికన్ ఇంటి కనెక్షన్ నుండి వెళ్లినట్టు తేలి, రక్షణ లేని ఆయన వైఫైని మరొకరు వాడుకొన్నారని నిర్ధారణ అయ్యేలోగా ఆయన ఇల్లంతా పోలీసుల సోదాలతో నిండింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫైల భద్రత మీద సర్వీసు సంస్థలకు ఆదేశాలిచ్చింది. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్కులో చొరబడినవాడి నుండి నష్టపరిహారం రాబట్టుకొనే హక్కు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షనులో ఉన్నది. అదే పని కపటబుద్ధితో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. పరిహారం కోరే అర్జీని విచారించే అధికారం 2003 నుండి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శిది. అంటే అరుగు మీది కుర్రవాడి మీద ఫిర్యాదుతో జమ్మలమడుగు గృహస్థు అమరావతి దాకా పోవాలి. పోయినవాణ్ణి మొదట అడిగేది, ఏ ఫోను, ఏ రోజు, ఏ వేళకు తగులుకొన్నదన్న ఆధారం. ఆ జాబితా డబ్బాలోనే ఉన్నది, డబ్బా అడ్మిన్ పాస్‌వర్డుతో తెరుచుకొంటుంది, పాస్‌వర్డ్ డబ్బా బిగించిన అబ్బాయి దగ్గర ఉన్నది, అబ్బాయి రేపు వస్తానన్నాడు.