పెళ్లికి ఉమ్మడి, అప్పుకి వేరు

అంతర్జాతీయ న్యాయ సంస్థల బ్రోషర్లు చదివితే దేశాలకి సరిహద్దులు అనవసరంగా గీశారేమో అనిపిస్తుంది. ఇన్ని ఖండాలు, ఇన్నివేల మంది వకీళ్లు, అయినా ఒకటే సంస్థ, ఒకటే ప్రమాణం, ఒకటే మనసు. టోక్యోలో తలుపు తడితే టొరంటోలో పలుకుతారట. సంతోషం. అదే సంస్థ నుంచి వచ్చిన ఈమెయిల్‌ని కాస్త కిందికి జరపండి. సంతకం దాటాలి, ఫోన్ నంబర్లు దాటాలి, కాగితం వృథా చేయకండి అనే సలహా కూడా దాటాలి. అప్పుడు భూతద్దం పెడితే తప్ప ఆనని అక్షరాల్లో అసలు సంగతి తగులుతుంది. ఈ పేరు పెట్టుకున్న సంస్థలు చట్టం దృష్టిలో దేనికవే వేరు, ఒకరు చేసినదానికి ఇంకొకరు పూచీ పడరు. పెద్దక్షరాలు రాసింది ప్రచార విభాగం. చిన్నక్షరాలు రాసింది వకీళ్లు. వకీలు దగ్గరికి వెళ్లి ప్రచారం వాళ్ల మాట నమ్మితే తప్పెవరిది?

శుభలేఖలో ఉమ్మడి కుటుంబం, అప్పులవాడు గుమ్మం ఎక్కితే వేరు కాపురం. ఈ తంతు మనకి కొత్త కాదు. కాకపోతే మనవాళ్లకి దీనికో చట్టం వెతుక్కోవచ్చని తోచలేదు. వాళ్లకి తోచింది. అది స్విట్జర్లాండ్‌లో దొరికింది. స్విస్ పౌరస్మృతి 60వ అధికరణం కింద ‘వెరైన్’ అనే సంఘం పెట్టుకోవచ్చు. రాజకీయం, మతం, శాస్త్రం, కళ, దానధర్మం, నలుగురూ కూడి కాలక్షేపం చేయడం వంటి వ్యాపారం కాని పనుల కోసం ఉద్దేశించిన ఏర్పాటు అది. పాటల బృందాలు, ఆటల క్లబ్బులు నడిచేది ఆ చట్టం కిందే. ఫుట్‌బాల్ ఏలిక ఫిఫా కూడా ఆ చట్టం చలవే. గంటకి వందల డాలర్లు వడ్డించే న్యాయ సంస్థలు కూడా అదే గొడుగు కిందికి దూరాయి. దానధర్మాల పద్దులోనో కాలక్షేపం పద్దులోనో తేల్చుకోవడం కక్షిదారుల పని.

పాతకాలపు పెద్దలు ఇలా లేరు. బేకర్ మెకంజీ 1949లో చికాగోలో పుట్టింది. 1955లో వెనిజులా రాజధాని కరాకస్‌లో తొలి విదేశీ ఆఫీసు తెరిచింది. తర్వాత ఊరూరా దుకాణం పెట్టుకుంటూ పోయింది. పరాయి దేశంలో స్థానిక వకీళ్లనే భాగస్వాములుగా చేర్చుకుని ఎదగడం అప్పట్లో మామూలు సంగతి కాదు. ఆ సంస్థ కూడా 2004లో వెరైన్ అయింది. డీఎల్ఏ పైపర్, నార్టన్ రోజ్ ఫుల్‌బ్రైట్ ఆ వరసలోవే. ఇంక అక్కణ్నుంచి పెరగడమంటే పని పెంచుకోవడం కాదు, బోర్డులు కలుపుకోవడం. లాభాల డబ్బా ఎవరిది వాళ్లదే. పేరొకటే ఉమ్మడి. పత్రికలు పెద్ద సంస్థల జాబితా వేసే రోజున మాత్రం అందరి రాబడీ ఒకే కుప్పగా పోస్తారు.

వేరుగా ఉండటానికి సరైన కారణాలు లేకపోలేదు. పన్నులు దేశానికో తీరు, బార్ నిబంధనలు దేశానికో తీరు. ఒప్పుకుంటాను. వేరుగా ఉంటే వేరని చెప్పుకోవడానికి నోరెందుకు రాదన్నదే నా బాధ.

డెంటన్స్ కథ వినండి. 2013లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా మూలాలున్న సంస్థలు ఆ పేరు కింద చేరాయి. ఒహాయోకి చెందిన రెవోలేజ్ అనే కంపెనీ వీళ్ల అమెరికా శాఖని వకీలుగా పెట్టుకుంది. కొత్త జీన్స్ ప్యాంటు మీద లేజర్ కొట్టి, పదేళ్లు తొడిగి నలిగినట్టు కనిపించేలా చేయడం రెవోలేజ్ విద్య. దానికి పేటెంట్లున్నాయి. మా పేటెంట్ వాడుకున్నారంటూ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ముందు కేసు వేశారు. ప్రతివాదుల్లో గ్యాప్ అనే బట్టల కంపెనీ ఒకటి. ఆ గ్యాప్ ఎవరి కక్షిదారు? డెంటన్స్ కెనడా శాఖది.

మన జిల్లా కోర్టు గుమాస్తాకైనా ఇది తెలుసు. కొత్త వకాల్తా మీద సంతకం పెట్టించే ముందు పాత డైరీలు తిరగేసి, అవతలి పార్టీ మన దగ్గరివాడు కాదుగదా అని చూస్తాడు. వేల వకీళ్ల సంస్థకి ఆ గుమాస్తా కరువయ్యాడు. గ్యాప్ అభ్యంతరం చెప్పింది. అమెరికా శాఖ మా కెనడా వాళ్లు వేరు, మేం వేరు అంది. బ్రోషర్‌లో ఒకటే అన్న నోటితోనే అంది. 2015లో కమిషన్ న్యాయాధికారి ఆ వాదన కొట్టేసి డెంటన్స్‌ని కేసులోంచి తప్పించాడు. నడిమధ్యలో వకీలు పోయిన రెవోలేజ్, ఆ వకీళ్ల మీదే దావా వేసింది. 2020లో క్లీవ్‌లాండ్ జూరీ 3 కోట్ల 23 లక్షల డాలర్లు కట్టమంది. 2022లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. కొత్త ప్యాంటుని పాతదిగా చూపే కేసులో, విడివిడి సంస్థల్ని ఒక్కటిగా చూపిన వాళ్లు దొరికిపోయారు. ఇంత అచ్చొచ్చిన కేసు నేను కల్పించినా ఎవరూ నమ్మరు.

2015లో చైనా సంస్థ డాచెంగ్‌తో కలిసి డెంటన్స్ వకీళ్ల సంఖ్యలో ప్రపంచంలోనే పెద్ద సంస్థ అయింది. ఆ పెళ్లి ఎనిమిదేళ్లు నిలిచింది. చైనా డేటా నిబంధనలు మారేసరికి 2023లో ఎవరి సామాను వాళ్లు సర్దుకున్నారు.

కింగ్ అండ్ వుడ్ మాలెసన్స్ అయితే ఇంకో ముచ్చట. 1993లో బీజింగ్‌లో పుట్టిన కింగ్ అండ్ వుడ్‌లో కింగ్ అనే వకీలు లేడు, వుడ్ అనేవాడూ లేడు. ఇంగ్లీషువాళ్ల నోరు తిరగాలని పెట్టుకున్న పేరది. 2012లో ఆస్ట్రేలియా మాలెసన్స్‌ని, మరుసటేడు లండన్ ఎస్‌జే బర్విన్‌ని కలుపుకుంది. 2017 జనవరిలో యూరప్ విభాగం దివాలా తీసింది. బ్రిటన్‌లో అంతటి న్యాయ సంస్థ అప్పటిదాకా కూలలేదు. చైనా, ఆస్ట్రేలియా విభాగాలు మాత్రం అదే బోర్డు కింద యథావిధిగా ఫీజులు వసూలు చేసుకున్నాయి. లండన్ అప్పులవాళ్లకి ఆ బోర్డు చూసే భాగ్యం మటుకు దక్కింది.

మన దగ్గర వకీలు ప్రచారం చేసుకోకూడదు. బార్ కౌన్సిల్ 36వ నియమం గుంటూరు ప్లీడరు బోర్డు సైజు కూడా సబబుగా ఉండాలంటుంది. విదేశీ వకీళ్లు ఇక్కడ ప్రాక్టీసు పెట్టకూడదని, అప్పుడప్పుడు వచ్చి తమ దేశపు చట్టం మీద సలహా ఇచ్చి పోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో బార్ కౌన్సిల్ షరతులతో తలుపు ఓరగా తీసింది. అది పూర్తిగా తెరుచుకోకముందే పెద్ద పేర్లు మన సంస్థల పేర్ల ముందుకొచ్చి అతుక్కున్నాయి. 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ ఈ స్విస్ వెరైన్ తరహా కలయికలు అనుమతి లేని దొడ్డిదారి అంటూ ప్రకటన విడుదల చేసింది. పేరొక్కటే కలిసింది, మేమంతా వేరే అన్న జవాబు ఒహాయో కోర్టు ఇదివరకే విన్నది. ఆ ఖరీదు డాలర్లలో ఎంతో రికార్డులో ఉంది కాబట్టి, ఇక్కడ వాదించబోయేవాళ్లు ముందు దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మంచిది.